ఇంటిపేరు: ప్యూ

ట్యాబ్ ఒప్పుకోదు.
ఇంటిపేరుకు కనీసం రెండు అక్షరాలుండాలని
ఎర్రగా అంటుంది.
మూడోసారి కొట్టాను: ప్యూ.

జ్ఞానాపురం సందులో
రైలు వెళ్ళినప్పుడల్లా గ్లాసులు వణికే వరండా.
బెరిల్ ప్యూ, అరవై ఎనిమిది, పోర్టు ఆసుపత్రి నర్సు, రిటైర్డ్,
బొగ్గు దుమ్ము పడకుండా నా టీ మీద సాసరు మూసి
"ఏటమ్మా, నా పేరు మీ మిషనుకి ఆన్లేదేటి?" అంది.

రేషన్ కార్డులో ఆమె పుగ్.
గ్యాసు పుస్తకంలో పగ.
కరెంటు బిల్లులో ఏ పుణ్యాత్ముడో పువ్వు అని రాశాడు.
అదొక్కటీ దిద్దించలేదట.

ఇంగ్లీషులో నాలుగక్షరాలు; చివరి రెండూ
పెళ్ళికొచ్చి పని ముట్టుకోని చుట్టాలు.
మన లిపిలో ఒక్కటే:
ప, కొమ్ముదీర్ఘం, కింద యావత్తు.
అందులోనే తండ్రీ కొడుకూ ఇద్దరూ ఉన్నారంటుంది.

వేల్సు కొండల్లో ఇంటిపేర్లు లేని రోజుల్లో
నువ్వెవరంటే తండ్రిని చెప్పేవారట,
తండ్రికి తండ్రిని, ఆయన తండ్రిని,
ఊపిరి ఆడినంత మేర,
మధ్య మధ్య అప్, అప్, అప్.
అప్ అంటే కొడుకు.
మా వైపు అప్ప అంటే తండ్రి.
ఏ సముద్రం మీద బోర్లాపడిందో ఆ మాట!

అంతకు ముందది మాప్. మ ఎప్పుడో జారిపోయింది.
తర్వాత రాజుగారి గుమాస్తాలొచ్చి
ఇంత గొలుసుకి కాగితాలు చాలవు, ఒక్క లింకు చాలన్నారు.
అప్ హ్యూ. హ్యూ కొడుకు.
గబగబా పిలిస్తే అ రాలింది, హ రాలింది.
కొడుకులో మిగిలిన ప
తండ్రిలో మిగిలిన యూని పట్టుకుని వేలాడింది.

ఏ హ్యూ?
కొండకొక హ్యూ.
పేరొకటే గాని అందరూ చుట్టాలు కారు.
అక్కడి నుంచి ఎవరో ప్యూ ఉత్తరం రాశాడట:
మా ఊళ్ళో రాయి విసిరితే ప్యూకే తగుల్తుంది,
అందుకని పాల ప్యూ, రొట్టెల ప్యూ, శవపెట్టెల ప్యూ అని పిలుచుకుంటాం,
మీరు ఏ ప్యూ అని.
"జవాబు రాయనేదు. ఏటని రాస్తాను? ఈ ఊరికి నేనొక్కద్దాన్నే."
అక్క డిక్రూజ్ అయింది.
మేనల్లుళ్ళు పెర్త్‌లో, ఖరగ్‌పూర్‌లో.
సరిహద్దు దాటి ఇంగ్లండులో బోలెడంతమంది,
అమెరికాలో ఇంకా ఎక్కువ,
వాళ్ళకి హ్యూ సంగతే తెలీదు.

తాత పలకరాతి గనిలో మందుపాతర్ల మనిషి.
హార్బరు తవ్వుతున్నప్పుడు కొండ పేల్చడానికొచ్చి
భీమిలి అప్పలనరసమ్మని చేసుకుని ఉండిపోయాడు.
పెట్టెలో ఊరి గుర్తుగా ఒక పలకరాయి తెచ్చాడు,
నీలం నలుపు, జానెడు మందం.
నేను బడిపంతులమ్మని గదా,
అక్షరాలు దిద్దిందేమోనని అడిగాను.
"అచ్చరాలా? చేపల కత్తి నూరతాను. మా బాగా తెగుద్ది."

అప్ హ్యూ అని కొట్టి చూద్దామా అన్నాను.
"వద్దే తల్లీ, ఎవడో అప్పు అని చదూతాడు,
బకాయిలోళ్ళు గుమ్మంలో కూకుంటారు."
ఆఫీసుకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది.
పెండింగ్ అని నొక్కి ట్యాబ్ మూశాను.

"నీదేటి ఇంటిపేరు?"
పెళ్ళయ్యాక పిల్లా.
"పుట్టింటిది?"
మళ్ళ.
"మళ్ళంటే వరిమళ్ళేనా? ఎక్కడున్నాయి?"

స్టీల్ ప్లాంటు లోపల, రెండో గేటు దాటాక.
ఇప్పుడు అక్కడికెళ్ళాలంటే పాసు కావాలి.

ఆమె ఏమీ అనలేదు.
సాసరు తీసి, దుమ్ము ఊది,
టీ నా వైపు జరిపి,
పలకరాయి మీద నాలుగు నీళ్ళ చుక్కలు చిలకరించింది.
లోపల సంచీలో కానాగంతలు ఎదురు చూస్తున్నాయి.